చంటిపిల్లలతో ఆదివారం పబ్బుకి వెళ్లొచ్చా? ఇంగ్లండ్ నుంచి ఒక తల్లి ఉత్తరం

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. బాబుకి నాలుగేళ్లు, పాపకి పది నెలలు. మావారు, ఆయన స్నేహితుల కుటుంబాలు నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం పబ్బులో భోజనానికి కలుస్తాం. ఒంటిగంటకి మొదలైతే ఒక్కోసారి ఐదు దాటిపోతుంది. మావారు రెండు మూడు పింట్ల బీరు తాగుతారు. వచ్చేటప్పుడు కారు నేనే నడుపుతాను. పోయినసారి నేను పాపకి పాలిస్తుంటే బాబు బల్లల మధ్య పరుగులు పెట్టాడు. పక్క టేబుల్ పెద్దాయన ఒకరు “ఇది పబ్బు, పార్కు కాదు” అని అందరికీ వినపడేలా అన్నాడు. తల కొట్టేసినట్టయింది. మన రంగు చూసి అన్నాడేమో అని కూడా అనిపించింది. అదే రోజు మావారి స్నేహితుడొకాయన బీరు నురగ వేలితో తీసి సరదాగా బాబు పెదాలకి రాశాడు. అందరూ నవ్వారు, మావారు కూడా. మర్నాడు వీడియో కాల్‌లో వాడే నాన్నమ్మకి చెప్పేశాడు, “నాన్న జ్యూస్ చేదుగా ఉంది” అని.

మా అత్తయ్యగారిది నెల్లూరు జిల్లాలో పల్లెటూరు. సారా వ్యతిరేక ఉద్యమం అప్పుడు ఊళ్లో ఆడవాళ్లతో కలిసి సారా కొట్టు ముందు కూర్చున్న మనిషి. “పసిబిడ్డల్ని సారా కొట్టుకి తీసుకెళ్తున్నారా?” అన్నారు. అప్పటి నుంచి మావారితో ముభావంగా ఉంటున్నారు. జులైలో అత్తయ్యగారు, మామయ్యగారు ఇక్కడికి వస్తున్నారు. మావారేమో “ఇక్కడ అందరూ తీసుకెళ్తారు, నీకెందుకు టెన్షన్” అంటారు. అసలు చిన్నపిల్లల్ని పబ్బుకి తీసుకెళ్లడం తప్పా?
– పేరు రాయవద్దన్నారు, రెడింగ్

సమాధానం:

అమ్మా, ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్తాను. తప్పు కాదు. పగటిపూట, భోజనానికి, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్లతో వెళ్తే ఇంగ్లండ్ పబ్బులో చిన్నపిల్లలకి చోటుండాలనే నా అభిప్రాయం. చాలా పబ్బుల్లో ఆ చోటు ఉంది కూడా. కానీ మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన విషయం వేరే ఉంది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరు పిల్లల్నీ చూసుకున్నది మీరొక్కరే. ఆ మాట మీరు ఎక్కడా రాయలేదు గానీ, ప్రతి వాక్యంలోనూ తెలుస్తూనే ఉంది. దాని గురించి కాస్త వివరంగానే మాట్లాడతాను.

చట్టం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మీవారు “ఇక్కడ అందరూ తీసుకెళ్తారు” అన్నది అబద్ధం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లకి 2003లో చేసిన లైసెన్సింగ్ చట్టం ప్రకారం, ముఖ్యంగా మద్యం కోసమే నడిచే చోట 16 ఏళ్ల లోపు పిల్లలు ఒంటరిగా ఉండకూడదు. 18 నిండిన పెద్దవాళ్లు వెంట ఉంటే ఉండొచ్చు. మద్యం అమ్మే ప్రతి చోటా పాటించాల్సిన నాలుగు లక్ష్యాలు ఆ చట్టంలో ఉన్నాయి. వాటిలో ఒకటి పిల్లలకి హాని జరగకుండా కాపాడటం. అందుకని పబ్బుని బట్టి లైసెన్సులో షరతులు ఉంటాయి, యజమాని సొంత నియమాలు ఉంటాయి. ఒకచోట సాయంత్రం ఏడు వరకే పిల్లలు, ఇంకోచోట తొమ్మిది వరకు, మరోచోట తోటలోనే, మరోచోట అసలు వద్దు. స్కాట్లండ్‌లో చట్టం వేరు. అక్కడ పిల్లల్ని రానిస్తారా లేదా, ఏ వయసు వాళ్లని, ఏ వేళల్లో, ఏ గదుల్లోకి అన్నది లైసెన్సు కాగితాల్లోనే రాసి ఉండాలి. ఈసారి ఎడిన్‌బరో వైపు సెలవులకి వెళ్తే అడిగి కూర్చోండి.

నురగ విషయానికొస్తే, అక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. ఐదేళ్ల లోపు పిల్లలకి మద్యం ఇవ్వడం ఇక్కడ నేరం. 1933 నాటి చట్టం అది, ఇప్పటికీ ఉంది. డాక్టరు చెబితేనో, ఏదైనా అత్యవసరమైతేనో తప్ప మినహాయింపు లేదు. వేలికంటిన నురగతో పిల్లాడికి ఏదో అయిపోతుందని మిమ్మల్ని భయపెట్టడం లేదు, ఆ కాస్తతో ఏమీ కాదు. కానీ వాడికి ఆ రోజు ఏం అర్థమైందో ఆలోచించండి. నాన్న తాగేది తాను నోట్లో పెట్టుకుంటే చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరూ సంతోషంగా నవ్వుతారు అని తెలిసింది. నాలుగేళ్ల వాడు అంతమందిని ఒకేసారి నవ్వించడమంటే వాడికి పండగే. మళ్లీ చేయాలనిపిస్తుంది. ఆ స్నేహితుడితో మీవారే మాట్లాడాలి, మీరు కాదు. “ఇంకోసారి అలా చేయొద్దురా” అని ఒక్క మాట చాలు. స్నేహం చెడదు. చెడితే, అంత తేలిగ్గా చెడే స్నేహం కోసం పిల్లాణ్ని కూర్చోబెట్టడం అనవసరం.

ఇప్పుడు ఆ పెద్దాయన మాట. మీకు తల కొట్టేసినట్టు ఎందుకయిందో నాకు తెలుసు. పాప రొమ్ము వదలదు, లేవలేరు, పిల్లాడు చేతికందడు, జనం చూస్తుంటారు. ఆ క్షణంలో ఎవరేమన్నా గుండెలో దిగుతుంది. అయినా ఆయన వైపు కూడా ఒకసారి చూద్దాం.

ఆయన వయసు వాళ్లు పెరిగిన రోజుల్లో పిల్లలకి పబ్బులో ప్రవేశం లేదు. 1908లో వచ్చిన పిల్లల చట్టం 14 ఏళ్ల లోపు వాళ్లని బార్ గదుల్లోకి రానివ్వకూడదంది. ఆ నియమం ఏదో ఒక రూపంలో దాదాపు ఆ శతాబ్దమంతా నడిచింది. తండ్రి లోపల తాగుతుంటే పిల్లలు బయట కారులోనో, వెనక తోటలోనో ఒక నిమ్మసోడా, ఒక చిప్స్ ప్యాకెట్ పట్టుకుని ఎదురుచూసేవారు. ఈ దేశంలో ఒక వయసు దాటిన వాళ్లని ఎవర్ని కదిపినా ఈ జ్ఞాపకం వస్తుంది. 1995లో కొన్ని పబ్బులకి పిల్లల సర్టిఫికెట్ అని ఒకటి ఇచ్చి, పెద్దవాళ్లతో కలిసి రాత్రి తొమ్మిది వరకు బార్‌లోకి రానివ్వడం మొదలుపెట్టారు. 2003 చట్టం 2005 నవంబర్‌లో అమల్లోకి వచ్చాక ఆ సర్టిఫికెట్ల అవసరం కూడా పోయింది. 2007 జులై 1 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బుల లోపల పొగ తాగడం నిషేధించారు. నన్నడిగితే అసలు మార్పు అదే. అంతకు ముందు ఆ పొగలో చంటిపిల్లని కూర్చోబెట్టమంటే నేనే వద్దనేదాన్ని. ఈలోగా బీరు ఒక్కదాని మీద బతకలేక పబ్బులు వరసగా మూతపడుతూ వచ్చాయి. మిగిలినవాటిలో చాలామంది వంటగది మీద ఆశ పెట్టుకున్నారు. భోజనం అమ్మాలంటే కుటుంబాలు రావాలి, కుటుంబాలు రావాలంటే పిల్లలకి ఎత్తు కుర్చీలు, రంగు పెన్సిళ్లు, పిల్లల మెనూ ఉండాలి. మీ బాబుకి దొరుకుతున్న స్వాగతంలో సగం ఆ లెక్క నుంచి వచ్చిందే. అందులో తప్పేం లేదు, తెలిసి ఉండటం మంచిది, అంతే.

కాబట్టి ఆ పెద్దాయన దృష్టిలో తన చోటు తన కళ్లముందే మారిపోయింది. భార్య పోయిన మనిషి కావచ్చు, వారానికి ఒకసారి ఒక పింట్, ఒక పేపరు, నలుగురి పలకరింపు కోసం వచ్చేవాడు కావచ్చు. ఇలాంటి వాళ్లకి పబ్బు అంటే మనకి ఊరి రచ్చబండ లాంటిది. పిల్లలు లేని పబ్బులు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, అలాంటి పబ్బుని చూసి నొచ్చుకోవాల్సిన పనిలేదు. చట్టం కూడా దానికి అడ్డు చెప్పదు. 2010 సమానత్వ చట్టం సేవల విషయంలో వయసు వివక్షని 18 దాటిన వాళ్లకే వర్తింపజేస్తుంది, అందుకని “మా దగ్గరికి పిల్లలు వద్దు” అనే హక్కు యజమానికి ఉంది. అదే చట్టం మీకు ఇచ్చేది కూడా ఒకటుంది, అది మర్చిపోవద్దు. పాపకి పాలిస్తున్నందుకు మిమ్మల్ని లేచి వెళ్లమనడానికి గానీ, చాటుకి వెళ్లమనడానికి గానీ వాళ్లకి హక్కు లేదు. కొంగు కప్పుకుని తల దించుకుని కూర్చోవాల్సిన అవసరం మీకు లేదు.

ఇక పరుగుల సంగతి. అక్కడ ఆయన చెప్పిందే సరైనది, గొంతు తగ్గించి చెప్పి ఉంటే బాగుండేది. ఆదివారం మధ్యాహ్నం పబ్బు వంటగది తలుపు దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. రెండు చేతుల్లో రెండు పళ్లేలు, మణికట్టు మీద మూడోది మోపుకుని పిల్లలు బయటికొస్తారు. పిల్లలంటే నిజంగా పిల్లలే, కాలేజీలో చదువుతూ వారాంతాల్లో పనిచేసేవాళ్లు. పళ్లెంలో మాంసం, వేయించిన బంగాళాదుంపలు, పక్కన చిన్న జగ్గులో పొగలు కక్కే గ్రేవీ. వాళ్ల కళ్లు బల్ల నంబర్ల మీద ఉంటాయి, మోకాలంత ఎత్తున పరిగెత్తే పిల్లాడు కనిపించడు. ఆ జగ్గు ఒలికితే పడేది సరిగ్గా వాడి తల మీద. పాత పబ్బుల్లో నిజంగానే నిప్పుల పొయ్యి మండుతుంటుంది, రాతి మెట్లుంటాయి, బల్లల కింద కుక్కలు పడుకుని ఉంటాయి, ఎంత మంచి కుక్కైనా తోక తొక్కితే ఊరుకోదు. మూలన మెరిసే లైట్లతో పందెం మిషన్లు ఉంటాయి, పిల్లల కళ్లు ముందు వాటి మీదే పడతాయి. వాటిని ముట్టుకోవాలంటే 18 నిండాలి. ఇంట్లో మన వాళ్ల మధ్య పిల్లాడు పరిగెడితే ముద్దుగానే ఉంటుంది. అక్కడ వాడికి అపాయం, ఎదుటివాళ్లకి ఇబ్బంది.

రంగు చూసి అన్నాడా అన్నారు. ఆ మనిషి మనసులో ఏముందో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. మీకు ఆ అనుమానం రావడం మాత్రం గాలిలోంచి పుట్టలేదు. 1960ల్లో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో మన దేశం నుంచి వెళ్లి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి కొన్ని పబ్బుల్లో బీరు పోసేవారు కాదు, కొన్నిట్లో ఫలానా గదిలోనే కూర్చోవాలనేవారు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్లు దాని మీద పోరాడారు. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ 1965 ఫిబ్రవరిలో ఆ ఊరికి వచ్చి చూసి వెళ్లాడు. ఆ ఏడాదే వచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బుల్లాంటి బహిరంగ స్థలాల్లో రంగుని బట్టి వేరు చేయడాన్ని మొదటిసారి చట్టవిరుద్ధం చేసింది. ఇవాళ అదే స్మెథిక్‌లో, వెస్ట్ బ్రామిచ్‌లో పంజాబీ కుటుంబాలు నడిపే పబ్బులు ఉన్నాయి, దేశీ పబ్బులంటారు. ఇనప పెనం మీద చిటపటలాడుతూ మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంది, అవ్వా తాతల నుంచి మనవల దాకా ఒకే బల్ల మీద తింటారు. ఆ చోటు మనవాళ్లు మాటలు పడి సంపాదించుకున్నది. అందుకని మీరు ఆ పబ్బులో కూర్చోవడానికి సంకోచపడకండి. ఇంకోసారి ఎవరైనా మీ రంగు గురించో, దేశం గురించో మాట తూలితే మేనేజర్‌ని పిలిచి చెప్పండి, అది ఊరుకోవాల్సిన విషయం కాదు. పిల్లాడి పరుగు గురించి అంటే మాత్రం “సారీ” చెప్పి వాణ్ని పట్టుకుని కూర్చోబెట్టాలి.

ఆ కూర్చోబెట్టాల్సిన మనిషి ఎవరన్నదే నా అసలు బాధ.

2012లో ఒక వార్త చదివే ఉంటారు. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ కుటుంబం బకింగ్‌హామ్‌షైర్‌లో ఒక పల్లె పబ్బులో ఆదివారం భోజనం చేసి రెండు కార్లలో ఇంటికి బయల్దేరింది. పిల్ల తల్లితో ఉందని తండ్రి, తండ్రితో ఉందని తల్లి అనుకున్నారు. ఎనిమిదేళ్ల కూతురు పబ్బులోనే ఉండిపోయింది. పావుగంటలో వెనక్కి వెళ్లి తెచ్చుకున్నారు, పిల్ల సిబ్బంది దగ్గర క్షేమంగా ఉంది. అంత భద్రత, అంతమంది మనుషులు చుట్టూ ఉన్న ఇంట్లో కూడా “ఇప్పుడు పిల్లని చూస్తున్నది ఎవరు” అన్న ప్రశ్నకి జవాబు తప్పిపోయింది. నలుగురైదుగురు పెద్దవాళ్లున్న బల్ల దగ్గర ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అందరూ ఉన్నారు కదా అని ఎవరూ చూడరు. మీ బల్ల దగ్గర అలా జరగలేదు, ఎందుకంటే మీరు చూస్తున్నారని మగవాళ్లందరికీ ధీమా. పాపకి పాలు మీరే, బాబు వెనక పరుగు మీరే, డైపర్ మార్చడానికి సంచి పట్టుకుని వెళ్లేది మీరే, చివరికి స్టీరింగ్ ముందు కూర్చునేదీ మీరే. చట్టం చెప్పిన ‘వెంట ఉండే పెద్దమనిషి’ ఆ బల్ల దగ్గర మీరొక్కరే. పెద్దాయన కోపం, మీ అత్తయ్యగారి బాధ, రెండూ వచ్చి మీ నెత్తిన పడ్డాయి గానీ, మీవారి మధ్యాహ్నానికి ఇబ్బంది కలగలేదు. ఇది మారాలి.

మీవారు చెడ్డవారని నేననడం లేదు. నెలకోసారి స్నేహితులతో కూర్చోవడం ఈ దేశంలో ఒంటరిగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ మూడు పింట్ల లెక్క ఒకసారి ఆయనకి చూపించండి. ఒక పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. మద్యాన్ని ఇక్కడ యూనిట్లలో లెక్కేస్తారు, ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. నాలుగు శాతం బీరైతే పింట్‌కి 2.3 యూనిట్లు, మూడు పింట్లంటే దాదాపు 7. వారానికి 14 యూనిట్లు దాటకూడదని, అవీ కనీసం మూడు రోజులకి సర్దుకోవాలని ఈ దేశపు ప్రధాన వైద్యాధికారులు 2016లో చెప్పారు. అంటే వారం కోటాలో సగం ఒక్క మధ్యాహ్నం, పిల్లాడి కళ్లెదుట. మీరు కారు నడుపుతున్నారు కాబట్టి రోడ్డు మీద భయం లేదు, సంతోషం. అయితే మూడో పింట్ దగ్గర మనిషి ఎలా మారతాడో మనకి తెలియదు గానీ పిల్లలకి తెలుస్తుంది. గొంతు పెరుగుతుంది, అదే కథ రెండోసారి చెప్తారు, పిల్లాడు చొక్కా లాగితే “ఆగు నాన్నా” అంటారు, మళ్లీ లాగితే విసుక్కుంటారు. ఇక్కడి ఆల్కహాల్ స్టడీస్ సంస్థ 2017లో ఇచ్చిన నివేదికలో ఇదే ఉంది. తల్లిదండ్రులు మద్యానికి బానిసలు కానవసరం లేదు, మామూలుగా తాగేవాళ్లయినా తాగిన రోజున జరిగే చిన్న మార్పుల్ని పిల్లలు గమనిస్తారని, కొందరు దిగులు పడతారని.

అందుకని నేను చెప్పేది ఇది. పిల్లలు వెంట ఉన్న రోజున మీవారు ఒక పింట్‌తో ఆపాలి. భోజనంతో పాటు ఒకటి, ఆ తర్వాత నిమ్మరసమో, మద్యం లేని బీరో. మూడు తాగాలనిపిస్తే ఇంకో రోజు సాయంత్రం స్నేహితులతో ఒక్కరే వెళ్లి రావచ్చు. మీరు నిశ్చింతగా పిల్లల్ని నిద్రపుచ్చుకుంటారు, ఎవరికీ కష్టం లేదు. అలాగే ఇద్దరూ వంతులు వేసుకోండి. అరగంట ఆయన బాబు బాధ్యత తీసుకోవాలి, అంటే వాడితో తోటలోకి వెళ్లాలి, నీళ్ల గుంటలో రాళ్లేస్తే పక్కనుండాలి, ఫోన్ చూసుకుంటూ కాదు. ఆ అరగంట మీరు వేడివేడిగా ఉన్నప్పుడే మీ పళ్లెం తినండి. పిల్లల తల్లులు చల్లారిన గ్రేవీ తినడం ఆనవాయితీ అయిపోయింది, అది పోవాలి. కారు ఒక నెల మీరు నడిపితే ఒక నెల ఆయన నడపాలి. ఆయన వంతు వచ్చిన రోజున ఆ ఒక్క పింట్ కూడా వద్దు. ఇంగ్లండ్‌లో హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములే అయినా, వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని హద్దు దాకా వెళ్లడం ఎందుకు?

రెండు గంటలు చాలు. నాలుగేళ్ల వాడు ఒంటిగంట నుంచి ఐదు దాకా కుర్చీలో కూర్చోలేడు, కూర్చోమనడం అన్యాయం. వాడు పరిగెత్తింది అల్లరితో కాదు, మూడో గంటలో వాడికి చేయడానికి ఏమీ మిగలలేదు. పన్నెండున్నరకి టేబుల్ బుక్ చేయండి, అప్పుడు రద్దీ తక్కువ, వంట త్వరగా వస్తుంది. రెండున్నరకి లేవండి. మిగతావాళ్లు కూర్చుంటామంటే కూర్చోనివ్వండి.

‘నాన్న జ్యూస్’ అనే పేరు ఇవాళే మాన్పించండి. అది బీరు అని, పెద్దవాళ్లు మాత్రమే తాగేదని, వాడికి మంచిది కాదని మామూలు గొంతుతో చెప్పండి. దాచాల్సిన పనిలేదు, భయపెట్టాల్సిన పనీ లేదు. వాడు పెరిగేది ఈ దేశంలో. రేపు స్కూల్లో స్నేహితుడి పుట్టినరోజు పబ్బులో జరుగుతుంది, ఫుట్‌బాల్ జట్టు సీజన్ అయ్యాక అక్కడే కలుస్తుంది, ఎవరైనా పోతే అంత్యక్రియల తర్వాత టీ తాగేది కూడా అక్కడే. మద్యం కొనాలంటే మన తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండాలి. ఇక్కడ 18కే కొనుక్కోవచ్చు. 16 దాటితే పెద్దవాళ్లు కొనిచ్చిన బీరో వైనో భోజనంతో పాటు వాళ్లతో కూర్చుని తాగొచ్చు. అంటే ఇంకో పన్నెండేళ్లలో వాడి ముందుకి ఆ గ్లాసు చట్టబద్ధంగానే వస్తుంది. ఆలోగా ఒక గ్లాసుతో ఆపి లేచే తండ్రిని వాడు చాలాసార్లు చూసి ఉండాలి.

ఇక అత్తయ్యగారు. ఆవిడ మాటని పాతకాలపు చాదస్తం అని మాత్రం దయచేసి ఎవరూ అనొద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆవిడతో పాటు ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ మొదలైన మాటలు అవి. కూలి డబ్బులు సాయంత్రానికి సారాకి పోతే పొయ్యి మీద గిన్నె ఎక్కని ఇళ్లు అవి. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. ఆ కొట్టు ముందు కూర్చున్న మనిషికి మనవడి పెదాల మీద నురగ అంటే ఏమనిపిస్తుంది? ఆవిడ చూసిన కొట్టుకి పిల్లలు వెళ్లేది తాగి పడిపోయిన తండ్రిని ఇంటికి తెచ్చుకోవడానికి. ఆవిడ తప్పుగా అర్థం చేసుకున్నది రెడింగ్‌లోని పబ్బుని మాత్రమే. పిల్లాడి విషయంలో ఆవిడ భయపడింది సరిగ్గానే భయపడ్డారు, ఆ రోజు ఆ బల్ల దగ్గర ఆ భయం ఇంకెవరికీ లేకపోయింది.

జులైలో వాళ్లు వచ్చాక బలవంతంగా పబ్బుకి తీసుకెళ్లి “చూశారా, ఎంత బాగుందో” అని నిరూపించే పని పెట్టుకోకండి. ఆ నెల స్నేహితుల్ని మీ ఇంటికే పిలవండి, లేదా థేమ్స్ ఒడ్డున పార్కులో పులిహోర, దద్దోజనంతో కలవండి. ఆవిడంతట ఆవిడ “ఒకసారి చూద్దాం పద” అంటే అప్పుడు తీసుకెళ్లండి. తోట ఉన్న పబ్బు చూసుకోండి, బుక్ చేసేటప్పుడు పిల్లలు ఎన్నింటిదాకా ఉండొచ్చో, ఎత్తు కుర్చీ ఉందో, డైపర్ మార్చే బల్ల ఉందో అడగండి. తిండి సంగతి ముఖ్యం: చికెన్ రోస్ట్ చెప్పినా పక్కన వచ్చే బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్ చాలా చోట్ల గొడ్డుమాంసం కొవ్వులో చేస్తారు. గ్రేవీ కూడా మాంసం రసమే. వాళ్లు తినకపోతే ముందే ఫోన్‌లో చెప్పి గింజలతో చేసే నట్ రోస్ట్, దానికి వేరే గ్రేవీ అడగండి. ఆ రోజు మీవారు బీరు జోలికి వెళ్లకపోతే మంచిదని వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఇవన్నీ జులై పనులు. అంతకు ముందు మీవారు వాళ్లమ్మకి ఫోన్ చేయాలి. మీరు పక్కన కూర్చుని అందించే మాటలు కాదు, ఆయనే. నురగ రాసింది ఫలానా స్నేహితుడు అని అతని మీదకి నెట్టకుండా, “నేను అక్కడే ఉండి నవ్వాను, అది తప్పు, ఇక జరగదు” అని చెప్పాలి. ఆవిడ నాలుగు తిడతారు. తిట్టనివ్వండి. ఈ వారంలోనే చేయమనండి, వాళ్లు విమానం ఎక్కే దాకా ఆగొద్దు.